యాక్సిడెంట్ అయి బాగుచేసిన కారు: లక్ష తక్కువకు వస్తోంది, తీసుకోవచ్చా?

తొలికారు_ఉప్పల్ (హైదరాబాద్) | 5 జులై 2025

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళుగా స్కూటరు మీదే బడికి వెళ్ళివస్తున్నాను. అమ్మానాన్నలకు డెబ్బై దాటడంతో ఆసుపత్రికీ ఊరికీ తిరగడానికి ఇప్పుడు కారు తప్పనిసరి అయింది. కొత్తది కొనే స్తోమత లేదు కనుక నెల రోజులుగా సెకండ్‌హ్యాండ్ కార్లు చూస్తున్నాను.

నిన్న ఒక మధ్యవర్తి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఒకటి చూపించారు. 2019 ఫిబ్రవరి రిజిస్ట్రేషన్, సింగిల్ ఓనర్, మీటరు మీద 58,000 కిలోమీటర్లు. ఇదే మోడలు ఇదే ఏడాదివి బయట 5,30,000 దగ్గర చెబుతుండగా ఈయన 4,35,000 అన్నారు. ఎందుకింత తక్కువ అని అడిగితే, దాచకుండానే, ‘ముందు చిన్న దెబ్బ తగిలింది సార్, బంపరూ కుడి ఫెండరూ మార్చారు, అంతకు మించి ఏమీ లేదు’ అన్నారు. ఆయన తనంతట తానే చెప్పడం నాకు నచ్చింది.

అయితే బానెట్ ఎత్తి చూసినప్పుడు రెండు విషయాలు కనిపించాయి. కుడి ఫెండరు (ముందు చక్రం మీది రేకు) బోల్టుల తలల మీద రంగు లేచిపోయి ఉంది. బానెట్‌కూ ఫెండరుకూ మధ్య సందులో ఎడమవైపు నా చిటికెనవేలు సులువుగా దూరుతుంటే కుడివైపు గోరు కూడా దూరడం లేదు. బండి నడిపి చూశాను, బాగానే ఉంది. లక్ష రూపాయలు నాకు చిన్న మొత్తం కాదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సెకండ్‌హ్యాండ్_సుఖం (కరీంనగర్) | 5 జులై 2025

మాస్టారూ, అంతగా భయపడవలసిన పని లేదు. నేను 2021లో ముందు భాగం దెబ్బతిని బాగుచేసిన సెడాన్‌ను మార్కెట్ ధరలో మూడింట రెండు వంతులకే కొన్నాను. ఇప్పటికి 48,000 కిలోమీటర్లు నడిపాను, తిరుపతికి రెండుసార్లు వెళ్ళివచ్చాను. టైర్లూ బ్యాటరీ తప్ప ఏమీ మార్చలేదు. మన రోడ్ల మీద అయిదారేళ్ళు తిరిగి ఎక్కడా తగలని కారు కావాలంటే అది ఇంకా షోరూమ్‌లోనే ఉండి ఉండాలి. నాన్ యాక్సిడెంట్ అని రాసి లక్ష ఎక్కువ గుంజేవారికన్నా ఉన్నది చెప్పి తక్కువకు ఇచ్చేవారే నయం.

బాడీషాపు_పాతకాపు (విజయవాడ) | 5 జులై 2025

నేను ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకుని, ఆ తర్వాత కంపెనీ బాడీ షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేసి, సూపర్‌వైజరుగా రిటైరైనవాణ్ణి. కరీంనగర్ మిత్రుడు చెప్పినది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పారు. యాక్సిడెంట్ అయిందా లేదా అన్నది అడగవలసిన ప్రశ్నే కాదు. దెబ్బ ఎక్కడిదాకా వెళ్ళిందో అడగాలి.

కారులో బోల్టులతో బిగించే భాగాలు వేరు, వెల్డింగుతో ఒకటిగా చేసిన భాగాలు వేరు. బంపరు, ఫెండరు, బానెట్, తలుపులు, డిక్కీ తలుపు మొదటి రకం. ఇవి పాడైతే విప్పి కొత్తవి బిగిస్తాం, పని శుభ్రంగా చేస్తే కారుకు వచ్చే నష్టమేమీ లేదు. ఏప్రాన్ (ఫెండరు లోపల ఇంజను పక్కన ఉండే రేకు), ముందు నుంచి ఇంజనుకు రెండు పక్కలా సాగే చాసిస్ కాళ్ళు, పైకప్పును మోసే పిల్లర్లు, ఫ్లోరు, డిక్కీ కింది గిన్నె రెండో రకం. ఫ్యాక్టరీలో వందల స్పాట్ వెల్డింగులతో వీటిని అతికిస్తారు. పాతకాలపు జీపుకూ లారీకీ చాసిస్ విడిగా ఉండేది. ఇప్పటి చిన్న కార్లకు శరీరమే చాసిస్. అందుకే ఏప్రాన్ ఒక సెంటీమీటరు వెనక్కి జరిగినా, దానికి వేలాడే సస్పెన్షన్ కూడా జరిగినట్టే.

చాసిస్ కాళ్ళను గుద్దుకున్నప్పుడు అకార్డియన్‌లా ముడుచుకునేటట్టు కంపెనీవారు కావాలనే తయారుచేస్తారు. ఆ ముడుచుకోవడంలోనే దెబ్బ శక్తి ఖర్చయి, లోపల కూర్చున్నవారి దాకా రాదు. ఒకసారి ముడుచుకున్నదాన్ని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, గొలుసులతో లాగి, సుత్తితో కొట్టి నిటారుగా చేయవచ్చు. పైన రంగు వేస్తే కంటికి కొత్తదే. అయితే రెండోసారి అది ఎక్కడ వంగుతుందో, ఎంత వంగుతుందో తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. పిల్లర్ల సంగతి ఇంకా ఘోరం. ఈ మధ్య చాలా కార్లలో పిల్లర్ల లోపల ప్రత్యేకమైన గట్టి ఉక్కు వాడుతున్నారు. దాన్ని వేడిచేస్తే ఆ గట్టిదనం పోతుంది. కంపెనీ రిపేరు పుస్తకం కాల్చవద్దు, మొత్తం భాగం మార్చమంటుంది. షెడ్డులో ఆ పుస్తకం ఎవరూ తెరవరు.

మీరు చెప్పిన ఆ సందు నాకు నచ్చలేదు. బంపరూ ఫెండరూ మాత్రమే మారి ఉంటే, ఫెండరును బోల్టుల దగ్గర కాస్త జరిపి రెండు వైపులా సందు సమానం చేయడం అరగంట పని. అది చేయలేదంటే చేతకాకపోయి ఉండాలి, లేదా జరపడానికి చోటు లేకపోయి ఉండాలి. రెండో కారణమైతే కింద ఏప్రాన్ కదిలిందని అర్థం.

సర్వే_రిపోర్టు (విశాఖపట్నం) | 6 జులై 2025

నేను వాహన బీమా నష్టాలను అంచనా వేసే సర్వేయరును. కారును చూసే ముందు దాని పాలసీ కాగితాన్ని చూడమని నా సలహా. మాస్టారూ, ప్రస్తుత పాలసీ నకలు ఉంటే అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత శాతమో చెప్పండి.

ఎందుకంటే ఆ బోనస్‌కు ఒక మెట్ల వరుస ఉంది. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, రెండేళ్ళకు 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50. ఒక్క క్లెయిమ్ పడితే మెట్లన్నీ దిగి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. బోనస్ బండిది కాదు, యజమానిది. అందువల్ల చేతులు మారిన బండిలో ఈ లెక్క పనికిరాదు. మీది సింగిల్ ఓనర్ బండి కనుక పనికివస్తుంది.

తొలికారు_ఉప్పల్ (హైదరాబాద్) | 6 జులై 2025

పాలసీ ఫోటో తెప్పించుకున్నాను సార్. 2025 ఫిబ్రవరిలో రెన్యూ చేశారు, బోనస్ 20 శాతం అని ఉంది.

సర్వే_రిపోర్టు (విశాఖపట్నం) | 6 జులై 2025

2019 ఫిబ్రవరి నుంచి ఒక్క క్లెయిమ్ కూడా లేకపోతే 2024 నాటికే 50 శాతానికి చేరి ఉండాలి. ఇప్పుడు 20 అంటే 2024లో సున్నా. అంటే 2023 ఫిబ్రవరికీ 2024 ఫిబ్రవరికీ మధ్య క్లెయిమ్ జరిగింది. మరొక అవకాశం కూడా ఉంది. పాలసీ గడువు ముగిశాక 90 రోజులు దాటినా రెన్యూ చేయకపోతే బోనస్ పోతుంది. బద్ధకం వల్ల పోయిందా, యాక్సిడెంట్ వల్ల పోయిందా తెలుసుకోవడానికి అంతకు ముందు ఏడాది పాలసీ కూడా అడగండి. తేదీలు తెగకుండా ఉంటే క్లెయిమే. బోనస్‌ను కాపాడే యాడ్-ఆన్ తీసుకున్నవారికి క్లెయిమ్ పడినా శాతం తగ్గదు కనుక, 50 శాతం కనిపించినంత మాత్రాన బండి కడిగిన ముత్యమని కూడా అనుకోకూడదు.

ఇంకొక మాట. బంపరు, ఫెండరు కోసం క్లెయిమ్ పెట్టి బోనస్ పోగొట్టుకునేవారు తక్కువ. చాలామంది చేతి డబ్బుతో షెడ్డులో చేయించుకుంటారు. క్లెయిమ్ పెట్టారంటే బిల్లు గట్టిగానే అయి ఉంటుంది. షోరూమ్ ట్రాక్ కూడా తీయించండి. బండి నంబరు ఇస్తే కంపెనీ సర్వీసు సెంటరువారు ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో చెప్పగలరు. ఓనరు వెంట ఉంటే బాడీ షాపు బిల్లు కూడా చూపిస్తారు.

నాలుగుచక్రాల_గోడు (రాజమహేంద్రవరం) | 6 జులై 2025

మాస్టారూ, మీరు కొనకముందే అడిగారు. నేను కొన్నాక అడిగాను.

2022లో ఒక డీజిల్ కారు కొన్నాను. అమ్మినవారు మీకు చెప్పినట్టే ‘ముందు చిన్న దెబ్బ’ అన్నారు. నేను నడిపి చూసింది ఊళ్ళో నాలుగు కిలోమీటర్లు. తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగేసరికి కుడి ముందు టైరు లోపలి అంచు నున్నగా అరిగి తీగలు బయటపడ్డాయి. టైరు మార్చి అలైన్‌మెంట్ చేయించాను. మళ్ళీ అంతే. నాలుగు చోట్ల చేయించాను, ప్రతిచోటా ‘సరిచేశాం సార్’ అన్నారు. అయిదో చోట ఒక పెద్దాయన కంప్యూటరు కాగితాన్ని నా చేతిలో పెట్టి, రెండు వైపుల చక్రాల వంపు అంకెల తేడాను గోటితో గీసి చూపించి, ‘బాబూ, ఇది బోల్టు తిప్పితే వచ్చే తేడా కాదు, మీ బండి కుడి ఏప్రాన్ వెనక్కి వెళ్ళింది, నేను డబ్బు తీసుకోను’ అన్నారు.

ఆ తర్వాత ఒక వాన రోజున మా బావమరిది నా వెనకే బైకు మీద వచ్చి, బండి తిన్నగా పోతున్నా వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవడం లేదని, పీతలా కాస్త ఓరగా నడుస్తోందని చెప్పాడు. అది విన్నాక గంటకు 80 దాటించడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరకు ఉన్నదంతా చెప్పి అమ్మాను కనుక నాలుగున్నర లక్షల బండి 1,90,000కు పోయింది. చెప్పకుండా అమ్మమని సలహా ఇచ్చినవారు ముగ్గురు, అందులో ఒకరు నాకు ఆ బండి అమ్మినాయనే.

సెకండ్‌హ్యాండ్_సుఖం (కరీంనగర్) | 7 జులై 2025

రాజమహేంద్రవరం మిత్రునికి జరిగినది బాధాకరమే. అయినా నా మాట నేను వెనక్కి తీసుకోను. నా కారుకు మారినవి బానెట్, బంపరు, రేడియేటరు, దాని ముందున్న బోల్టుల చట్రం. కొనేముందు లిఫ్టు మీద ఎత్తించి చూశాను, బాడీ షాపు బిల్లు ఓనరు నుంచి తీసుకుని పేరుపేరునా సరిచూసుకున్నాను. ధర తగ్గిందీ అందుకే, నేను నిశ్చింతగా ఉన్నదీ అందుకే. పాతకాపు గారు చెప్పిన మొదటి రకం దెబ్బకు కూడా జనం భయపడి పారిపోవడం వల్లనే అమ్మేవారు నిజం దాస్తున్నారు. నిజం చెప్పినవాడికి లక్ష నష్టం, దాచినవాడికి లక్ష లాభం అయితే ఎవరు చెబుతారు?

బాడీషాపు_పాతకాపు (విజయవాడ) | 7 జులై 2025

ఇప్పుడు మీ మాటతో నాకు పేచీ లేదు. లిఫ్టు, బిల్లు అన్న రెండు మాటలు మీ మొదటి సమాధానంలోనే రాసి ఉంటే నేను అంత పొడుగ్గా రాసేవాణ్ణి కాదు.

మాస్టారూ, మీరు బండిని మళ్ళీ చూసేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. పగటి వెలుతురులో, కడగని బండిని చూడండి. తడిసిన బండి మీద, సాయంత్రం దీపాల కింద ప్రతి రంగూ అందంగానే ఉంటుంది. తలుపు తెరిచి, చట్రం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగును చేత్తో లాగండి, అది ఊడి వస్తుంది, మళ్ళీ నొక్కితే కూర్చుంటుంది. దాని కింద రేకు అంచు మీద చిన్న బొట్టుబిళ్ళల్లాంటి గుంటలు సమానమైన ఎడంతో కనిపించాలి. మావాళ్ళు వాటిని కంపెనీ పంచింగ్ అంటారు. ఆ గుంటలు లేకుండా అంచు నున్నగా ఉన్నా, గుంటలు వంకరటింకరగా ఉన్నా, అక్కడ కోసి అతికారు. బానెట్ అంచుల్లో కంపెనీ పేస్టింగ్ (రేకుల అతుకు మీద పూసే సీలెంటు) మరతో గీసినట్టు ఒకే మందంతో, గోరుతో నొక్కితే గట్టిగా ఉంటుంది. చేత్తో పూసినది వేలిముద్రలతో సహా దొరుకుతుంది. అద్దాల మూలల్లో తయారీ సంవత్సరం సంకేతం ఉంటుంది, అన్నీ ఒకే కాలానివి కావాలి. ఒక్క అద్దం తేడా అయితే రాయి తగిలిందనుకోవచ్చు. ఒకే పక్కవి రెండు తేడా అయితే ఆ పక్కను ఇంకా జాగ్రత్తగా చూడాలి.

రంగు మందం కొలిచే చిన్న మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే మంచిది. కంపెనీ రంగు సాధారణంగా 100 మైక్రాన్లకు అటూఇటూ ఉంటుంది. మళ్ళీ రంగు వేస్తే 200 దాటుతుంది. లప్పం పెట్టి ఉంటే 500 నుంచి వెయ్యి పైకి కూడా పోతుంది. తలుపు మీద 250 వస్తే నేను పట్టించుకోను, గీత పడి రంగు వేయించి ఉంటారు. పిల్లరు మీద 250 వస్తే మాత్రం ఆ బండి దగ్గర నుంచి వచ్చేస్తాను. బంపరు ప్లాస్టిక్ కనుక మీటరు అక్కడ పనిచేయదు, దాన్ని పట్టుకుని తిరగకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎయిర్‌బ్యాగు. చిన్న కారుకు ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే అవే కాక, వాటి కంప్యూటరు, సీటుబెల్టు లాగే యంత్రాలు, డ్యాష్‌బోర్డు కూడా మార్చాలి. బిల్లులో సగానికి సగం అక్కడే తేలడం ఎన్నోసార్లు చూశాను. తక్కువలో బాగుచేసి అమ్మేవాడు మొదట ఎగ్గొట్టే ఖర్చు ఇదే. బయటికి కనిపించదు, నడుపుతుంటే తెలియదు, తెలిసే రోజున చెప్పడానికి మనిషి ఉంటాడో లేదో. ఖాళీ గూటి మీద మూత అతికిస్తారు. హెచ్చరిక దీపం వెలగకుండా, ఎయిర్‌బ్యాగు ఉన్నట్టు కంప్యూటరును భ్రమింపజేయడానికి పావలా ఖరీదు చేసే రెసిస్టరు ఒకటి వైర్ల చివర పెడతారు. లేదా ఆ దీపాన్ని పీకి ఇంకో దీపం తీగకు కలుపుతారు.

చూసే పద్ధతి ఇది. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయండి. ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి, కొన్ని సెకన్లలో తనంతట తానే ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా తప్పే. రెసిస్టరు పెట్టినది మాత్రం ఈ పరీక్షకు దొరకదు. అందుకే మంచి స్కానరు ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళి ఎయిర్‌బ్యాగు కంప్యూటరులో క్రాష్ రికార్డు ఉందేమో చదివించండి. సీటుబెల్టును చివరిదాకా లాగి వదిలితే చప్పున వెనక్కి చుట్టుకోవాలి. బెల్టు అడుగున కుట్టిన చీటీ మీద తయారీ తేదీ ఉంటే అది కారు తేదీతో కలవాలి.

డల్లాస్_నుంచి (అమెరికా) | 7 జులై 2025

ఇక్కడి పద్ధతి గురించి ఒక చిన్న మాట. ఇక్కడ బీమా కంపెనీ టోటల్ లాస్‌గా, అంటే బాగుచేయడం గిట్టుబాటు కాదని, తేల్చిన కారు యాజమాన్య పత్రం మీదే, రాష్ట్ర నిబంధనలను బట్టి, ‘సాల్వేజ్’ అని ముద్ర పడుతుంది. బాగుచేసి తనిఖీ చేయించాక ‘రీబిల్ట్’ అని మారుతుంది, కానీ మచ్చ పోదు. చాసిస్ నంబరు కొడితే కార్‌ఫాక్స్ వంటి సంస్థల నివేదికలో పాత యాక్సిడెంట్లు చాలావరకు వస్తాయి. అయినా ముద్ర నిబంధనలు వదులుగా ఉన్న రాష్ట్రానికి కారును తరలించి, అక్కడ కొత్త పత్రం పుట్టించి, మచ్చ కడిగేసి అమ్మే మోసం ఇక్కడా ఉంది. కాకినాడలో మా తమ్ముడు కారు కొంటుంటే ఆర్‌సీలో ఇలాంటి గడి ఎక్కడుందని అడిగి నవ్వులపాలయ్యాను. మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదో సర్వేయరు గారు చెప్పగలరా?

సర్వే_రిపోర్టు (విశాఖపట్నం) | 8 జులై 2025

మంచి ప్రశ్న. మన పాలసీ నిబంధన ప్రకారం, బాగుచేసే ఖర్చు బండి బీమా విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కిస్తారు. బండి పాతబడేకొద్దీ ఐడీవీ తగ్గుతుంది. మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు బండికి తరుగుదల 40 శాతం, అయిదేళ్ళ లోపుకు 50 శాతం. కాబట్టి నాలుగు లక్షల ఐడీవీ ఉన్న కారుకు మూడు లక్షల పైన ఎస్టిమేట్ వస్తే చాలు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని, ముందు భాగం మొత్తం మార్చవలసి వస్తే, చూడ్డానికి పెద్ద దెబ్బలా లేకపోయినా లెక్కలో టోటల్ లాస్ అవుతుంది. అలాగే 70 శాతం దగ్గర ఆగిపోయి, చాసిస్ కాళ్ళు కాల్చి లాగించుకున్న బండికి ఏ పేరూ ఉండదు. పేరును బట్టి భయపడవద్దు, పేరు లేదని నిశ్చింతగానూ ఉండవద్దు.

టోటల్ లాస్ అయిన బండి తుక్కు కొట్టుకు పోవాలని నియమమేమీ లేదు. ఓనరుకు సొమ్ము ఇచ్చేటప్పుడు శిథిలం విలువ మినహాయించడం, దాన్ని వేలంలో సాల్వేజ్ కొనేవారికి అమ్మడం మామూలే. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, శాశ్వతంగా వాడలేని స్థితికి వచ్చిన బండి ఆర్‌సీని 14 రోజుల్లో రద్దుకు పంపాలి. ‘బాగుచేయవచ్చు’ అన్న మాట చాటున చాలా ఆర్‌సీలు బతికే ఉంటాయి. ఆర్‌సీలో దెబ్బ చరిత్రకు గడి లేదు. పరివాహన్ యాప్‌లో ఓనరు వరుస, అప్పు, బీమా గడువు, బ్లాక్‌లిస్టు తెలుస్తాయి, యాక్సిడెంట్ తెలియదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. కొందరు శిథిలాన్ని కొనేది ఇనుము కోసం కాదు, కాగితాల కోసం. అదే మోడలు, అదే రంగు దొంగ బండి తెచ్చి, శిథిలం నుంచి చాసిస్ నంబరున్న రేకు ముక్క కోసి దీనికి అతికి, ఆ ఆర్‌సీతో అమ్ముతారు. కాగితాలు నూటికి నూరు పాళ్ళు అసలువి, బండి మాత్రం ఇంకొకరిది. పోలీసులు పట్టుకుంటే బండీ పోతుంది, డబ్బూ పోతుంది. అందుచేత చాసిస్ నంబరు చెక్కిన చోట చుట్టూ వెల్డింగు గీత గానీ, కొత్త రంగు గానీ ఉందేమో వేలితో తడిమి చూడండి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీస్తే అక్షరాల వరుస వంకర బాగా తెలుస్తుంది. నంబరును ఆర్‌సీతో పాటు కంపెనీ సర్వీసు రికార్డుతో కూడా పోల్చండి.

వకాల్తా_గుంటూరు (గుంటూరు) | 8 జులై 2025

ఒక న్యాయవాదిగా క్లుప్తంగా చెబుతాను. ‘యాజ్ ఈజ్’, అంటే ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను, అని కాగితం రాయించుకుంటే తన బాధ్యత తీరిపోయిందని అమ్మేవారు అనుకుంటారు. తెలిసిన లోపాన్ని కావాలని దాచి అమ్మితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద అది మోసమే, ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి వస్తుంది. అయితే అవతలివారు కేవలం మాట్లాడకుండా ఊరుకున్న సందర్భంలో, మామూలు జాగ్రత్త తీసుకుంటే నిజం తెలిసే వీలు ఉండి కూడా మీరు చూసుకోకపోతే ఆ హక్కు నిలవదని 19వ సెక్షన్ మినహాయింపు చెబుతోంది. కనుక అడగండి, అడిగినట్టు ఆధారం ఉంచుకోండి. వాట్సాప్‌లో ‘ఏప్రాన్, పిల్లరు, చాసిస్ దెబ్బతిన్నాయా, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయా’ అని రాసి సమాధానం రాతలో తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాటను కోర్టులో రుజువు చేయడం కష్టం.

కార్ల వ్యాపారం చేసేవారి దగ్గర కొంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, గడువు రెండేళ్ళు. మామూలు ఓనరు ఒక్కసారి తన సొంత కారు అమ్మితే ఆయన వ్యాపారి కాడు, సివిల్ కోర్టే దిక్కు. మధ్యవర్తి ద్వారా కొంటే రసీదు ఎవరి పేరున ఉందో చూడండి, ఆ పేరు మీదే మీ కేసు ఆధారపడుతుంది.

ఏ కారు కొన్నా, 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ఆర్‌సీ మార్చకుండా వదిలేయకండి. బీమాను కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయండి. లేకపోతే మీ కారుకు రేపు దెబ్బ తగిలినప్పుడు సొంత నష్టం క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

తొలికారు_ఉప్పల్ (హైదరాబాద్) | 13 జులై 2025

పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ఉదయం స్కానరు ఉన్న మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయనకు ఇచ్చినది 1,500 రూపాయలు. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ముందుగా కాగితాలు. పాలసీలు ఎక్కడా తెగలేదు, అంటే సర్వేయరు గారు అన్నట్టు క్లెయిమే. షోరూమ్ ట్రాక్‌లో 2023 జూన్‌లో 41,200 కిలోమీటర్ల దగ్గర ఒక సర్వీసు ఉంది, ఆ తర్వాత 2024 జనవరిలో 41,900 దగ్గర ఇంకొకటి. ఏడు నెలల్లో బండి తిరిగింది 700 కిలోమీటర్లు. ‘ఓనరు ఊళ్ళో లేరు సార్’ అన్నారు మధ్యవర్తి.

ఎడమ తలుపు బీడింగు లాగితే పాతకాపు గారు చెప్పిన బొట్టుబిళ్ళలు వరుసగా కనిపించాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను, జానెడులో నాలుగు. కుడివైపు ముందు పిల్లరు అడుగున మూరెడు మేర ఒక్కటీ లేదు, అరగదీసిన రాయిలా నున్నగా ఉంది. లిఫ్టు మీద ఎత్తితే కింద అంతా ఆరేళ్ళ దుమ్మూ బురదా పట్టి ఉండగా, కుడి చాసిస్ కాలు ముందు భాగానికి మాత్రం నల్లటి స్ప్రే తళతళలాడుతోంది. మెకానిక్ దాన్ని స్క్రూడ్రైవరుతో కాస్త గీకి, వేలితో తడమమన్నాడు. సుత్తి దెబ్బల సొట్టలు చేతికి తగిలాయి.

చివరగా దీపం పరీక్ష. తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా కూర్చున్నాం. ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగింది. పది సెకన్లు, ముప్పై సెకన్లు, నిమిషం గడిచినా ఆరలేదు. పక్కనే బ్యాటరీ గుర్తు కూడా వెలుగుతూ ఉంది. ఇంజను స్టార్ట్ చేయగానే రెండూ ఒకేసారి ఆరాయి. మళ్ళీ ఆపి, మళ్ళీ చేశాం, మళ్ళీ రెండూ కలిసే. మొదటి రోజు నేను స్వయంగా స్టార్ట్ చేసినప్పుడు ‘దీపాలన్నీ ఆరిపోయాయి, బండి బాగుంది’ అనుకున్నానని గుర్తుకు వచ్చి ఒళ్ళు జలదరించింది. స్కానరు ఇంజనుతో మాట్లాడింది, ఎయిర్‌బ్యాగు కంప్యూటరు నుంచి మాత్రం సమాధానమే రాలేదు.

వకీలు గారు చెప్పిన ప్రశ్న వాట్సాప్‌లో పంపాను. నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు.

బాడీషాపు_పాతకాపు (విజయవాడ) | 13 జులై 2025

ఎయిర్‌బ్యాగు దీపం తీగను బ్యాటరీ దీపానికి కలిపారు. స్టార్ట్ చేసేవాళ్ళందరూ మీలాగే మోసపోతారు, ఎందుకంటే తాళం ఆన్ చేసి ఊరికే కూర్చునేవారు ఎవరూ ఉండరు. ధర ఎంత తగ్గించినా ఆ బండి మీద ఇక మాట్లాడకండి.

సెకండ్‌హ్యాండ్_సుఖం (కరీంనగర్) | 13 జులై 2025

మాస్టారూ, నేను కూడా వదిలేయమనే అంటాను. రాత్రే వెళ్ళి నా కారులో తాళం ఆన్ చేసి కూర్చున్నాను. ఆరు లెక్కపెట్టేసరికి ఆరింది. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి చూడటం.

తొలికారు_ఉప్పల్ (హైదరాబాద్) | 21 జులై 2025

మధ్యవర్తి సోమవారం ఫోను చేసి 3,75,000కు ఇస్తానన్నారు, వద్దన్నాను. ఎయిర్‌బ్యాగు సంగతి అడిగితే ‘మన ఊళ్ళో తిరగడానికి అదెందుకు సార్’ అన్నారు.

నిన్న సాయంత్రం అదే కారు ఇంకొక ప్రకటనలో కనిపించింది. ధర 4,90,000, ‘నాన్ యాక్సిడెంట్, షోరూమ్ కండిషన్, ఫ్యామిలీ వాడిన బండి’ అని ఉంది. బానెట్ ఎత్తి తీసిన ఫోటో కూడా పెట్టారు. కుడి ఫెండరు బోల్టుల తలలకు కొత్తగా రంగు వేశారు.